విషాదం జరిగిన మర్నాడు బడిలో ఏం చేయాలి, ఎలా చేయాలి

“రేపు పొద్దున ప్రార్థనలో పిల్లలకు ఏం చెప్పమంటారు సార్?” ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన నాటి నుంచి నన్ను తోటి ఉపాధ్యాయులు ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఇది. ఒకసారి కావలి వైపు నుంచి, ఇంకోసారి కనిగిరి వైపు నుంచి ఫోను వస్తుంది. కార్తీక మాసంలో సముద్ర స్నానానికి వెళ్లిన పిల్లలు తిరిగి రాలేదని ఒకచోట, పెన్నలో ఇసుక తవ్విన గుంటలోకి ఈతకు దిగారని మరొకచోట, పిల్లలతో వస్తున్న ఆటోను హైవే మీద లారీ గుద్దిందని ఇంకొకచోట చెబుతారు. 2021 నవంబరులో పెన్న పొంగి కోవూరు ప్రాంతాన్ని ముంచెత్తిన తర్వాత, బురద కడిగి బళ్లు తెరిచిన వాళ్లూ ఇదే అడిగారు. ఫోనులో విడివిడిగా చెప్పినదంతా ఒకచోట వరుసగా ఉంటే, అవసరమైన రాత్రి చేతికి అందుతుందని ఇది రాస్తున్నాను.

ముందు ఆ ప్రశ్నకే జవాబు చెబుతాను. ప్రార్థనలో ఏమీ చెప్పకండి. తరగతి గదిలో చెప్పండి.

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నది. చాలా ఏళ్ల కిందట మా బడి కుర్రవాడు చెరువులో పడి చనిపోయిన మర్నాడు, నేను ప్రార్థనలో మైకు పట్టుకుని పేరు చెప్పి, రెండు నిమిషాలు మౌనం పాటించమన్నాను. ఆ అబ్బాయి చిన్నాన్న కూతురు మా బడిలోనే ఏడో తరగతి చదువుతోంది. ఆ అమ్మాయి అమ్మమ్మ ఊరిలో ఉండి, ఆ పొద్దునే బస్సు దిగి నేరుగా బడికి వచ్చింది. అన్న చనిపోయాడన్న సంగతి ఆమె మొదట విన్నది నా మైకులోనే. ఆమె వరుసలోంచి బయటికి వచ్చి, ఎవరి వైపూ చూడకుండా గేటు వైపు నడవసాగింది. మౌనం పాటిస్తున్నాం కదా అని మేమెవరమూ వెంటనే కదల్లేదు. ఆ కొద్ది క్షణాలను నేను ఇప్పటికీ మరచిపోలేకపోతున్నాను.

దగ్గర ఉంచుకోవలసినవి

- జరిగినదాన్ని నాలుగు వాక్యాల్లో రాసిన కాగితం. అందులో నిర్ధారణ అయిన విషయాలే ఉండాలి.
- ఈ పనికే కేటాయించిన ఒక నోటు పుస్తకం. ఎవరిని చూశారో, ఎవరితో మాట్లాడారో తేదీతో సహా అందులో రాస్తూ ఉండాలి.
- చాప, మంచినీళ్లు, ఫ్యాను ఉన్న ఒక ఖాళీ గది. తరగతిలో కూర్చోలేని పిల్లలు అక్కడ కాసేపు ఉండవచ్చు. అందులో ఎప్పుడూ ఒక పెద్ద మనిషి ఉండాలి.
- తెల్ల కాగితాలు, రంగు పెన్సిళ్లు. చిన్న పిల్లలు నోటితో చెప్పలేనిదాన్ని బొమ్మగా వేస్తారు.
- ఫోను నంబర్లు. మానసిక ఆరోగ్య సహాయానికి టెలి మానస్ 14416 రాత్రింబవళ్లు ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లల సహాయానికి 1098, అంబులెన్సుకు 108, అత్యవసరానికి 112 ఉన్నాయి. వీటితో పాటు మీ ఊరి ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం), ఆశా కార్యకర్త, సచివాలయంలోని మహిళా పోలీసు నంబర్లు ఉంచుకోండి.
- పాఠం మధ్యలో ఏ ఉపాధ్యాయుడైనా బయటికి రావలసి వస్తే ఆ తరగతిలోకి వెళ్లడానికి ఇద్దరు మనుషులు. క్లస్టర్‌లోని మరో బడి నుంచి ఒకరిని పంపమని మండల విద్యాధికారి (ఎంఈఓ) గారిని రాత్రే అడగండి.

1. రాత్రే నిజం తెలుసుకోండి

వాట్సాప్ గ్రూపుల్లో వచ్చినదాన్ని నమ్మి ఒక్క మాట కూడా అనవద్దు. కుటుంబానికి దగ్గరి బంధువు ఒకరితోనో, పోలీసు స్టేషన్‌తోనో, ఆసుపత్రిలో ఉన్న ఊరి పెద్దతోనో మాట్లాడి నాలుగే విషయాలు తేల్చుకోండి. ఎవరు చనిపోయారు, ఎవరు ఆసుపత్రిలో ఉన్నారు, ఎలా జరిగింది, పిల్లలకు ఏ మేరకు చెప్పడం కుటుంబానికి సమ్మతం. నాలుగోది అడగడం చాలామంది మరచిపోతారు. అదే ఫోనులో ఆ కుటుంబం పిల్లలు, దాయాదుల పిల్లలు ఏయే బళ్లలో చదువుతున్నారో కూడా కనుక్కుని, ఆ బళ్ల ప్రధానోపాధ్యాయులకు చెప్పండి. తమ్ముడు పక్క ఊరి ప్రాథమిక పాఠశాలలోనో, అక్క కస్తూర్బా బాలికా విద్యాలయం (కేజీబీవీ) హాస్టల్లోనో ఉండవచ్చు.

2. పిల్లల కంటే ముందు ఉపాధ్యాయులతో కూర్చోండి

మర్నాడు అందరినీ ముప్పావు గంట ముందే రమ్మనండి. వంట చేసే అమ్మలను, ఆయాను, వాచ్‌మన్‌ను కూడా పిలవండి. పిల్లలు చాలాసార్లు మనసు విప్పి మాట్లాడేది వాళ్లతోనే. మీరు రాసిన నాలుగు వాక్యాలను చదివి, అందరూ అవే మాటలు చెప్పేలా చూడండి. ఒక్కో గదిలో ఒక్కో కథ చెబితే మధ్యాహ్న భోజనం గంటకల్లా పుకారు పుడుతుంది.

ఆ తరగతి ఉపాధ్యాయుడు మాట్లాడగలిగే స్థితిలో ఉన్నారో లేదో ఆయననే అడగండి. గొంతు పెగలడం లేదంటే బలవంతం చేయవద్దు. ఆయన గదిలోనే పక్కన నిలబడితే చాలు, మాటలు మీరు చెప్పండి. చెబుతూ కళ్లు తుడుచుకున్నా పరవాలేదు, పిల్లలు దానివల్ల చెడిపోరు. కానీ నిలువునా కుప్పకూలితే భయపడతారు.

3. తెలిసిన నోటితో, తరగతి గదిలో చెప్పండి

అన్ని తరగతుల్లో ఒకే సమయానికి, మొదటి పీరియడ్‌లోనే చెప్పాలి. చనిపోయినవారి తోబుట్టువులు, దాయాదుల పిల్లలు, ప్రాణ స్నేహితులు బడికి వచ్చి ఉంటే వాళ్లను ముందే పక్క గదిలోకి తీసుకెళ్లి విడిగా చెప్పండి. తర్వాత తరగతిలో ఇలా చెప్పవచ్చు:

“పిల్లలూ, మీకు ఒక బాధాకరమైన విషయం చెప్పాలి. మనతో చదువుకునే ఫలానా నిన్న సాయంత్రం నీళ్లలో మునిగి చనిపోయాడు. మీలో కొందరికి రాత్రే తెలిసి ఉంటుంది, కొందరికి ఇప్పుడే తెలుస్తోంది. నాకూ చాలా బాధగా ఉంది. ఏడుపు వస్తే ఏడవవచ్చు. రాకపోయినా తప్పు లేదు. ఏదైనా అడగాలనిపిస్తే అడగండి. నాకు తెలిసింది చెబుతాను, తెలియనిదాన్ని తెలియదంటాను.”

“చనిపోయాడు” అన్న మాటనే వాడండి. “దేవుడి దగ్గరకు వెళ్లాడు”, “నిద్రపోయాడు”, “ఊరికి పోయాడు” అన్న మాటలు పెద్దవాళ్లకు మెత్తగా వినిపిస్తాయి గానీ, ఒకటో తరగతి బిడ్డకు అవి అక్షరాలా నిజాలు. నిద్రపోయాడని విన్న పిల్ల ఆ రాత్రి నిద్రపోవడానికి భయపడుతుంది. ఇంట్లో వాళ్ల విశ్వాసం ప్రకారం స్వర్గమనో, పరలోకమనో, జన్నత్ అనో చెబితే దాన్ని మీరు కాదనవలసిన పని లేదు. బడిలో మాత్రం జరిగినదే చెప్పండి.

వయసును బట్టి మాట మార్చుకోవాలి. ఒకటి, రెండు తరగతుల వాళ్లకు చావు అంటే తిరిగి రాకపోవడమని ఇంకా పూర్తిగా తెలియదు. “శరీరం పనిచేయడం ఆగిపోయింది. ఇక ఊపిరి తీసుకోదు, ఆకలి వేయదు, నొప్పి ఉండదు. మళ్లీ రాడు” అని చెప్పండి. రేపు మళ్లీ అడుగుతారు, ఎల్లుండి మళ్లీ అడుగుతారు. విసుక్కోకుండా అవే మాటలతో చెప్పండి. మూడు నుంచి ఐదు తరగతుల వాళ్లు తప్పును తమ మీద వేసుకుంటారు. “నేను వాడికి కటీఫ్ చెప్పాను, అందుకే చనిపోయాడా?” అన్న ప్రశ్న ఆ వయసులో మామూలే, అయితే చాలామంది దాన్ని పైకి అడగరు. అందుకని అడగకముందే తరగతి మొత్తానికి చెప్పండి: “మీరు అన్న మాట వల్ల గానీ, మనసులో అనుకున్నదాని వల్ల గానీ ఇది జరగలేదు.” హైస్కూలు పిల్లలు మౌనంగా ఉంటారు, లేదా కోపంగా ఉంటారు. తప్పెవరిదని అడుగుతారు. డ్రైవరునో, కాంట్రాక్టరునో మీరు తిట్టడం మొదలుపెడితే ఆ గది మీ చేయి దాటిపోతుంది. “దాన్ని పోలీసులు చూస్తున్నారు. మనం ఇప్పుడు ఒకరినొకరు చూసుకుందాం” అని చెప్పడం మంచిది.

పిల్లలు అడిగే ప్రశ్నలకు ముందే సిద్ధపడండి. “వాడికి నొప్పి పుట్టిందా?” అంటే “ఇప్పుడు మాత్రం నొప్పి లేదు” అనండి. “మా నాయన కూడా చచ్చిపోతాడా?” అంటే “అందరూ ఎప్పుడో ఒకప్పుడు చనిపోతారు, కానీ ఎక్కువమంది బాగా పెద్దవాళ్లయ్యాకే చనిపోతారు. మీ నాయన ఇప్పుడు బాగున్నాడు” అనండి. ఒకసారి ఐదో తరగతి కుర్రవాడు చేయెత్తి, “వాడి పెన్ను నా దగ్గర ఉంది సార్, ఏం చేయాలి?” అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. వాళ్ల టీచరమ్మ మాత్రం తడుముకోకుండా, “అది నీకు ఇచ్చాడా, అప్పుగా తీసుకున్నావా?” అని అడిగారు. అప్పుగానే అన్నాడు వాడు. “అయితే మనం వాళ్లమ్మకు ఇద్దాం, నువ్వు నాతో రా” అన్నారామె. ఆ పిల్లవాడికి ఆ పూట కావలసింది ఆ ఒక్క మాటే.

హెచ్చరిక: ఒక్కొక్కరినీ నిలబెట్టి “నువ్వు ఏం చూశావో చెప్పు, ఎలా అనిపించిందో చెప్పు” అని తరగతంతా వరుసగా చెప్పించకండి. మనసులోది కక్కేస్తే తేలికవుతుందన్న నమ్మకంతో చాలామంది ఇది చేస్తారు. దుర్ఘటన జరిగిన వెంటనే అలా ఒక్కసారి కూర్చోబెట్టి అంతా చెప్పించే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంటోంది. చూడని పిల్లలు కూడా విన్న మాటలతో ఆ దృశ్యాన్ని ఊహించుకుని భయపడతారు. ఆ సంస్థ 2011లో ప్రచురించిన మార్గదర్శిలో చెప్పినది మూడే పనులు. ఎవరికి ఏం కావాలో చూడడం, చెప్పదలచుకున్న వాళ్ల మాట వినడం, అవసరమైన వాళ్లను సహాయం దొరికే చోటుకు కలపడం.

4. మొదటి రోజు గంట కొట్టండి, అన్నం పెట్టండి

చెప్పడం అయ్యాక పాఠాలు తేలికగా నడపండి. పరీక్ష ఉంటే వాయిదా వేయండి. గంట మాత్రం వేళకే కొట్టాలి, భోజనం వేళకే వడ్డించాలి, ఆటల పీరియడ్ ఉంటే ఆడించాలి. ఆడుకుంటున్న పిల్లలను “సిగ్గు లేదా?” అని కసిరే పెద్దలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. పిల్లల దుఃఖం నిలకడగా ఉండదు. ఇప్పుడు ఏడ్చి, మరి కాసేపటికి ఆడి, రాత్రికి మళ్లీ ఏడుస్తారు. అది సహజమని ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు చెప్పండి.

సెలవు ఇవ్వాలా అంటే, అంత్యక్రియల రోజు ఒక్క పూట ఇవ్వవచ్చు. కానీ పిల్లలు వచ్చాక ఉదయం పదింటికి ఉన్నట్టుండి ఇళ్లకు పంపకండి. మన వైపు ఆ వేళకు తల్లిదండ్రులు నాట్లకో, మిరప కోతకో, పొగాకు పనికో, రొయ్యల చెరువుల మీదకో వెళ్లి ఉంటారు. పిల్లవాడు తాళం వేసిన ఇంటి అరుగు మీద ఒంటరిగా కూర్చుంటాడు, లేదా ఘటన జరిగిన చోటును చూడడానికి వెళ్తాడు.

రెండు మూడు రోజులకు దెయ్యం కబురు వస్తుంది. బాత్రూముల దగ్గర కనిపించాడని, వాడి బెంచీ కదిలిందని ఎవరో ఒకరు అంటారు. నవ్వకండి, కొట్టకండి. “భయమేస్తోందా? పదండి, నేనూ వస్తాను” అని ఆ చోటుకు పిల్లలతో కలిసి నడిచి వెళ్లండి. వారం పాటు బాత్రూములకు ఇద్దరిద్దరుగా పంపండి. దడుసుకున్నాడని ఇంట్లో దిష్టి తీసినా, దర్గాలో తాయెత్తు కట్టించినా, ప్రార్థన చేయించినా కించపరచవద్దు. జ్వరం గానీ నిద్ర పట్టకపోవడం గానీ ఉంటే డాక్టరుకు కూడా చూపించండని అదే నోటితో చెప్పండి.

5. ఎవరిని ప్రత్యేకంగా చూసుకోవాలో జాబితా రాయండి

పదిహేను, ఇరవై పేర్లు మించకుండా రాసి, ఒక్కో పేరు ఎదురుగా చూసుకునే ఉపాధ్యాయుడి పేరు రాయండి. తోబుట్టువులు, దాయాదులు, పక్క బెంచీ వాళ్లు, ఒకే ఆటోలో వచ్చేవాళ్లు అందరికీ తడతారు. ఇక్కడ రాస్తున్నవాళ్లు తరచుగా జాబితాలోకి ఎక్కరు:

- ప్రమాదం నుంచి బతికి బయటపడ్డవాళ్లు.
- ఆ రోజు వెళ్లవలసి ఉండి వెళ్లకుండా ఆగిపోయినవాళ్లు.
- చనిపోయిన పిల్లవాడితో చివరగా గొడవపడ్డవాళ్లు.
- ఇదివరకే తల్లినో, తండ్రినో కోల్పోయిన పిల్లలు. ఈ చావు వాళ్లకు ఆ చావును గుర్తుచేస్తుంది.
- తల్లిదండ్రులు బెంగళూరుకో, హైదరాబాదుకో పనికి వలస వెళ్లి, అవ్వాతాతల దగ్గర ఉంటున్న పిల్లలు. ప్రకాశం పడమటి మండలాల్లో వీళ్లు చాలామంది ఉంటారు.
- యానాది కాలనీల నుంచి వచ్చే పిల్లలు. వాళ్లు నాలుగు రోజులు రాకపోతే “వాళ్లకది మామూలే” అని వదిలేస్తారు. నెల్లూరు జిల్లాలో పనిచేసే ఏ ఉపాధ్యాయుడైనా తన మనసును తాను నిలదీసుకోవలసిన మాట ఇది. ఆ పిల్లలు రాకపోతే రెండో రోజే మనిషి ఇంటికి వెళ్లాలి.

అందరికంటే ఎక్కువ కాచుకోవలసింది “పదండ్రా, ఈతకు పోదాం” అని పిలిచి, తాను మాత్రం బతికిన పిల్లవాణ్ణి. ఊరు వాణ్ణి వేలెత్తి చూపుతుంది. దుఃఖంలో ఉన్న తల్లి నాలుగు మాటలు అనవచ్చు, ఆమెను తప్పుపట్టలేం. బడి మాత్రం ఒక్క మాట కూడా అనకూడదు. వాడు బడికి తిరిగి వచ్చే రోజున మీరే గేటు దగ్గరకు వెళ్లి తీసుకురండి. వచ్చే ముందే తరగతితో, “అక్కడ ఏం జరిగిందని మనం వాణ్ణి అడగం. వాడు చెబితే వింటాం” అని మాట తీసుకోండి. పక్కన కూర్చునే స్నేహితుణ్ణి వాడినే ఎంచుకోమనండి.

6. బెంచీ, హాజరు పట్టీ, సంచి

కాగితాల మీద చిన్నవిగా కనిపించే ఈ పనుల్లోనే పెద్ద గాయాలు అవుతాయి.

గైర్హాజరైతే తల్లిదండ్రుల ఫోనుకు సందేశం వెళ్లే ఏర్పాటు ఉంటే, ఆ నంబరును ఆ రోజే తీయించండి. “మీ అబ్బాయి ఈ రోజు బడికి రాలేదు” అన్న సందేశం ఆ ఇంటికి వెళ్లకూడదు. తల్లిదండ్రుల సమావేశం పిలుపులు, ఫీజు గుర్తుచేసే సందేశాలు వెళ్లే జాబితాల్లోనూ చూడండి. పదో తరగతి అయితే హాల్ టికెట్ల జాబితాలో పేరు ఉందేమో ముందుగానే సరిచూసుకోండి.

హాజరు పట్టీలో పేరు కొట్టివేయడం కార్యాలయంలో చేయండి, తరగతిలో కాదు. మొదటిసారి ఆ పేరు లేకుండా హాజరు పిలిచే ముందు, “ఈ రోజు నుంచి వాడి పేరు పిలవను. మరచిపోయి కాదు” అని పిల్లలకు చెప్పండి. బెంచీని వారం పది రోజులు అలాగే ఉంచి, తర్వాత ఒక సోమవారం తరగతి మొత్తానికి కూర్చునే చోట్లు మార్చండి. ఆ ఒక్క చోటులో వేరే బిడ్డను కూర్చోబెడితే ఇద్దరికీ అన్యాయం చేసినట్టే.

సంచి, పుస్తకాలు, టిఫిన్ డబ్బా, సైకిలు ఉంటే కుటుంబాన్ని అడిగి, వాళ్లు కావాలన్న రోజున మీరే తీసుకెళ్లి ఇవ్వండి. తల్లిదండ్రులను బడికి పిలిపించి సంతకం పెట్టించుకోకండి. టిఫిన్ డబ్బా కడగాలి గానీ, నోటు పుస్తకాలను ఏమీ చేయకండి. కొత్త అట్టలు వేయకండి, మధ్యలో ఆగిన పాఠాన్ని దిద్దకండి. ఒక తల్లి పుస్తకాలన్నీ పక్కన పెట్టి, లెక్కల నోటు పుస్తకం వెనక నుంచి తిప్పుకుంటూ చివరగా రాసిన పేజీ దగ్గర ఆగారు. “ఇది ఏ రోజు రాశాడు సార్?” అని అడిగారు. మార్జిన్‌లో వాడి చేత్తో రాసిన తేదీ ఉంది. ఆమె దాని మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నారు. ఆ తేదీ పైన మా ఎర్ర సిరా పడి ఉంటే ఏమయ్యేదోనని నాకు తర్వాత చాలా రోజులు అనిపించింది.

7. ఆ ఇంటికి వెళ్లడం

మొదటి రోజే ముగ్గురు నలుగురు ఉపాధ్యాయులు వెళ్లండి. పిల్లలను యూనిఫారంలో వరుసగా నడిపించి తీసుకెళ్లకండి. వెళ్లాలనుకున్న పిల్లలు తమ ఇంటి పెద్దలతో వెళ్లవచ్చు. వెళ్లనన్నవాళ్లను మనసు లేనివాళ్లని అనకండి. వెళ్లేవాళ్లకు అక్కడ ఏం కనిపిస్తుందో ముందే చెప్పండి. శరీరం కదలకుండా ఉంటుందని, పెద్దవాళ్లు గట్టిగా ఏడుస్తారని, కొందరు గుండెలు బాదుకుంటారని తెలిసి వెళ్తే అంత భయపడరు.

“ఇంకో బిడ్డ ఉన్నాడు కదా”, “వాడి రాత అంతే” అన్న మాటలు నోటికి రానీయకండి. “ఏం చెప్పాలో తెలియడం లేదమ్మా” అంటే చాలు. తరగతిలో వాడు చేసిన మంచి పని ఒకటి గుర్తుంటే అది చెప్పండి. లేచి వచ్చేటప్పుడు “వెళ్లొస్తాం” అనకూడదని కొత్తగా చేరిన ఉపాధ్యాయులకు గుర్తుచేయండి, ఆ ఇంట్లో ఆ మాట గుచ్చుకుంటుంది. తర్వాత పెద్దకర్మకో, ఆదరణ కూడికకో, నలభయ్యో రోజుకో మళ్లీ వెళ్లండి. ఏ ఇంట్లో ఏ ఆచారమో ముందే కనుక్కోండి.

చందా పోగుచేస్తే కవరులో పెట్టి చేతికి ఇచ్చి రండి. చెక్కు పట్టుకున్న ఫోటో వద్దు. పరిహారం కోసం స్టడీ సర్టిఫికెట్ అడుగుతారని తెలుసు కాబట్టి, అడగకముందే రాసి తీసుకెళ్లండి. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలన్న సంగతి కూడా గుర్తుచేయండి. చనిపోయింది మీ విద్యార్థి తండ్రో, తల్లో అయితే, మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద అర్హులైన పిల్లలకు నెలకు 4,000 రూపాయల సహాయం ఉంది. జిల్లా బాలల సంరక్షణ విభాగానికి దరఖాస్తు పెట్టించడం ఒక ఉపాధ్యాయుడు తన బాధ్యతగా తీసుకోవాలి. లేకపోతే ఆ బిడ్డ బడి మాని కూలికి పోతాడు.

8. కెమెరాలు, ఫ్లెక్సీలు, ఫోన్లు

గేటు లోపలికి కెమెరాను రానీయకండి. ఒక్కరే మాట్లాడాలి, అదీ గేటు బయట, రాసుకున్న నాలుగు వాక్యాలే. నేరానికి గురైన పిల్లలను గానీ, సాక్షులైన పిల్లలను గానీ గుర్తుపట్టేలా పేరో ఫోటోనో ప్రచురించడాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ నిషేధిస్తోంది. 6 నెలల వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. విలేకరులతో మర్యాదగా ఈ మాట చెబితే చాలావరకు ఆగుతారు.

“అశ్రునివాళి” ఫ్లెక్సీలు గేటు ముందు కట్టవద్దని ఊరి పెద్దలను అడగండి. నిలువెత్తు ఫోటో కింద నుంచి రోజూ బడిలోకి రావడం ఆ పిల్లవాడి చెల్లెలికి ఎలా ఉంటుందో చెబితే కాదనరు. ప్రమాదం ఫోటోలు, వీడియోలు ఎవరి ఫోనులో ఉన్నా తీసేయమని తల్లిదండ్రుల గ్రూపులో ఒక్కసారి స్పష్టంగా రాయండి.

9. ఆత్మహత్య అయితే

పై పద్ధతే, కానీ ఇంకా జాగ్రత్తగా. ఎలా చేసుకున్నదీ ఎక్కడ చేసుకున్నదీ చెప్పకండి. “మార్కులు తక్కువ వచ్చాయని”, “టీచరు తిట్టారని” ఒక్క కారణానికి కట్టేయకండి. ధైర్యమనీ, పిరికితనమనీ, ప్రేమకు నిదర్శనమనీ మాట్లాడవద్దు. పెద్ద సంతాప సభ పెట్టవద్దు, స్మారక చిహ్నం నిలపవద్దు. అలా చేస్తే లోలోపల కుమిలిపోతున్న మరో బిడ్డకు అది దారిగా కనిపిస్తుంది. ఎవరి మీదైనా అనుమానం ఉంటే విడిగా కూర్చుని, “చచ్చిపోవాలని అనిపిస్తోందా నాయనా?” అని నేరుగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఆ బిడ్డను ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకండి. తల్లిదండ్రులను పిలిపించి, 14416కు ఫోను చేసి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో పురుగుమందు, మాత్రలు పిల్లల చేతికి అందకుండా తాళం వేసి పెట్టమని చెప్పండి.

10. డాక్టరు దగ్గరకు ఎప్పుడు పంపాలి

మొదటి వారాల్లో నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం, కడుపునొప్పి, చిన్న పిల్లలు పక్క తడపడం, చదువు మీద మనసు నిలవకపోవడం చాలామందిలో ఉండి క్రమంగా తగ్గుతాయి. నెల దాటినా తగ్గకపోతే, లేదా రోజురోజుకూ ఎక్కువవుతుంటే డాక్టరుకు చూపించాలి. బతికి ఏం లాభమని అన్నా, తనను తాను గాయపరచుకున్నా, పూర్తిగా తిండి మానేసినా నెల ఆగకూడదు. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. “పిచ్చి డాక్టరా?” అని ఇంట్లో భయపడితే, మొదటిసారి ఉపాధ్యాయుడో ఆశా కార్యకర్తో తోడు వెళ్లాలి. చీటీ రాసి పంపితే వెళ్లరు.

ఎక్కువగా జరిగే తప్పులు

మొదటి రోజు పదిమంది కౌన్సెలర్లు వచ్చి, రెండో రోజు నుంచి ఎవరూ రాకపోవడం నేను చూసినవాటిలో పెద్ద తప్పు. వచ్చిన వాళ్లను “మళ్లీ నెలకు రాగలరా?” అని అడిగి తేదీ రాయించుకోండి. “మగపిల్లాడివి, ఏడవకూడదు” అనడం రెండోది. ధైర్యంగా ఉన్న పిల్లను అందరి ముందు మెచ్చుకోవడం కూడా తప్పే, ఎందుకంటే ఏడ్చిన పిల్లలు దానితో చిన్నబోతారు. ఇంకొకటి, వారం తిరగకుండానే ఆ ఘటనను నీతిపాఠం చేసి, “చెప్పిన మాట వినకపోతే ఇలాగే అవుతుంది” అనడం. నీళ్ల దగ్గర, రోడ్డు మీద జాగ్రత్తలు తప్పక చెప్పాలి. నెల గడిచాక, చనిపోయినవాళ్ల పేరు ఎత్తకుండా చెప్పండి.

పని జరుగుతోందో లేదో చూసుకోవడం

పదో రోజు, ముప్పయ్యో రోజు, మూడో నెలలో జాబితాను ముందు పెట్టుకుని, ఒక్కో పేరుకు ఐదు ప్రశ్నలు వేసుకోండి. బడికి వస్తున్నాడా? మధ్యాహ్నం కంచంలో పెట్టింది తింటున్నాడా? రాత్రి నిద్రపోతున్నాడా? ఎవరితోనైనా ఆడుతున్నాడా? బడిలో తనకు మాట్లాడగలిగే పెద్ద మనిషి ఒకరున్నారా? నిద్ర సంగతి ఇంట్లోవాళ్లను అడగాలి. తిండి సంగతి వంట చేసే అమ్మలను అడగండి. ఎవరు గుడ్డు వదిలేశారో, ఎవరు అన్నం కెలికి లేచిపోయారో వాళ్లకు తెలిసినట్టు మనకు తెలియదు. ఐదింటిలో రెండింటికి “లేదు” అని వస్తే ఆ వారమే ఇంటికి వెళ్లండి. చివరి ప్రశ్నకు “లేదు” వస్తే, ఆ బిడ్డకు కేటాయించిన ఉపాధ్యాయుణ్ణి మార్చండి.

ఇవే ప్రశ్నలను ఉపాధ్యాయుల గురించి కూడా వేసుకోండి. శవాన్ని గుర్తుపట్టడానికి ఆసుపత్రికి వెళ్లిన ఉపాధ్యాయుడు, బడికి వచ్చి మామూలుగా పాఠం చెబుతున్నాడంటే బాగున్నాడని కాదు. 14416 ఆయనకు కూడా.

పుట్టినరోజు, వార్షికోత్సవం, పదో తరగతి ఫలితాల రోజు, సంవత్సరీకం తేదీలను నోటు పుస్తకం చివరి పేజీలో రాసి పెట్టండి. ఆ రోజుల్లో ఆ ఇంటికి ఒక ఫోను చేయండి, జాబితాలోని పిల్లలను ఒకసారి పలకరించండి.

వేసవిలో బదిలీలు వస్తాయి. ప్రధానోపాధ్యాయుడు మారతాడు, తరగతి ఉపాధ్యాయుడు మారతాడు. జూన్ 12న బడి తెరిచేనాటికి, ఏ బిడ్డ ఎందుకు కిటికీ పక్కన కూర్చోనంటాడో తెలిసిన మనిషి ఆ బడిలో ఒక్కరూ ఉండకపోవచ్చు. అందుకని ఆ నోటు పుస్తకాన్ని కవరులో పెట్టి, అంటించి, చార్జి అప్పగించేటప్పుడు బీరువా తాళాలతో పాటు కొత్తగా వచ్చినవారి చేతికి ఇవ్వండి. ఇచ్చి, పక్కన కూర్చుని, ఒక్కో పేరూ చదివి చెప్పండి.